సౌండ్ ఎక్కడ ఆగిపోయింది? – కొత్తగా లినక్స్ వేసుకున్నవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు తెర మీద అక్షరాలు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే చెప్పండి, పెద్దవి చేస్తాను. సరే, మొదలుపెడదాం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. మన ఇళ్లలో, కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ బాగానే నడుస్తున్న కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ పైదో కావాలి. అందుకే చాలామంది విండోస్ బదులు లినక్స్ వైపు, అంటే ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా, డెబియన్ లాంటి దాని రకాల వైపు వస్తున్నారు. నాకు అది నిజంగా సంతోషం. మంచి యంత్రాన్ని పారేయకుండా ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయడం కూడా ఇప్పుడు పెద్ద కష్టం కాదు. తెర సరిగ్గా వస్తుంది, వైఫై కలుస్తుంది, తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. పాట పెడితే మాత్రం కొన్ని యంత్రాల్లో ఉలుకూ పలుకూ ఉండదు.

అక్కడ టెన్షన్ మొదలవుతుంది. కొందరు మొత్తం చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. కొందరు ఇంటర్నెట్‌లో కనిపించిన కమాండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాపీ చేసి వేస్తారు. ఈ రెండూ చేయకండి అని చెప్పడానికే నేను వచ్చాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అదే కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే సిస్టం మూల భాగం), అదే ఫర్మ్‌వేర్ (చిప్‌ల లోపల నడిచే చిన్న ప్రోగ్రాం), అవే సెట్టింగులు తిరిగి వస్తాయి. ఫలితం కూడా చాలాసార్లు అదే. ఇక అర్థం కాకుండా కమాండ్లు వేస్తూ పోతే, మొదట ఉన్న లోపానికి మనం తెచ్చిపెట్టుకున్నవి తోడవుతాయి. ఆ తర్వాత ఏది అసలు లోపమో ఏది మన చేతి పనో చెప్పడం ఎవరివల్లా కాదు.

కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు రాలేదనుకోండి. రైతు వెంటనే పొలంలో కొత్త బోదె తవ్వడు. కాలువ గట్టు వెంట పైకి నడుస్తాడు. ఏ తూము దాకా నీళ్లున్నాయి, ఏ తూము దాటాక లేవు అని చూస్తాడు. సౌండ్ విషయంలో మనం చేయాల్సింది అంతే. పాట ప్లేయర్‌లో బయలుదేరి స్పీకర్ దాకా వచ్చేలోపు కొన్ని తూములు దాటాలి. ఎక్కడ ఆగిందో తెలిస్తే మిగతా పని చిన్నది.

ముందు ఆ దారి చెబుతాను. మీ మదర్‌బోర్డు మీద రెండు భాగాలుంటాయి. ఒకటి సౌండును చేరవేసే కంట్రోలర్, రెండోది కోడెక్ అనే చిన్న చిప్. ఈ రెండిటినీ కలిపి సౌండ్ కార్డు అంటాం. కోడెక్ అంటే అంకెలుగా వచ్చిన పాటను స్పీకర్‌కు సరిపడే విద్యుత్ సంకేతంగా మార్చేది. 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో ప్రమాణం ప్రకారమే ఇప్పటికీ ఎక్కువ పీసీలు నడుస్తున్నాయి. ఆ చిప్ ఎక్కువగా రియల్‌టెక్ కంపెనీది అయివుంటుంది. వీటి పైన లినక్స్ కెర్నల్‌లో ఆల్సా అనే భాగం ఉంటుంది. చెక్ దేశస్థుడు యారొస్లావ్ కీసెలా 1998లో మొదలుపెట్టిన పని అది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్ నుంచి అదే ప్రధానమైన ఏర్పాటు. చిప్‌తో నేరుగా మాట్లాడేది ఆల్సానే. దాని పైన సౌండ్ సర్వర్. బ్రౌజర్ నుంచి వచ్చే సౌండును, వీడియో ప్లేయర్ నుంచి వచ్చేదాన్ని, మెసేజ్ వచ్చినప్పుడు మోగే టింగ్ మోతను కలిపి కిందికి పంపేది అది. ఒకప్పుడు ఆ పని పల్స్‌ఆడియో చేసేది, ఇప్పుడు పైప్‌వైర్ చేస్తోంది. ఏ సౌండ్ ఏ స్పీకర్‌కు వెళ్లాలో నిర్ణయించడానికి పైప్‌వైర్ పక్కన వైర్‌ప్లంబర్ అని ఇంకొకటి ఉంటుంది. అన్నిటికన్నా పైన మీ ప్లేయరో బ్రౌజరో.

ఇంత దారి ఉంది కదా, మరి అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉన్నప్పుడు ఎలా పలికింది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కోడెక్ చిప్‌కు చాలా కాళ్లుంటాయి. ఏ కాలికి స్పీకర్ కలపాలి, దేనికి హెడ్‌ఫోన్ కలపాలి అన్నది ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టం. ఆ వివరం వాళ్లు బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాంలో, రాసిపెట్టాలి. చాలాసార్లు అసంపూర్ణంగా రాస్తారు, కొన్నిసార్లు తప్పుగా కూడా. విండోస్‌కు వాళ్లే డ్రైవర్, అంటే చిప్‌ను నడిపే ప్రోగ్రాం, ఇస్తారు కాబట్టి ఆ తప్పును అందులో సర్దేస్తారు. లినక్స్‌కు ఆ సాయం అన్ని కంపెనీల నుంచి రాదు. అందుకని కెర్నల్‌లో ఒక పెద్ద పట్టిక ఉంది. ఫలానా కంపెనీ ఫలానా మోడల్‌లో స్పీకర్ ఫలానా కాలికి ఉంది, మ్యూట్ దీపం ఫలానాది అని ఒక్కో మోడల్‌కు ఒక్కో వరుస. సూసే అనే లినక్స్ సంస్థలో పనిచేసే తకాషి ఇవాయ్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఈ విభాగాన్ని చూసుకుంటున్నారు. ఆ పట్టికలో ఎన్నో వరుసలు మనలాంటి వాడుకరులు తమ యంత్రం పలకడం లేదని వివరంగా రాసి పంపితే చేరినవే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నడక మొదలుపెడదాం. సెట్టింగ్స్‌లో సౌండ్ పేజీ తెరవండి. అవుట్‌పుట్ అన్నచోట ఏం కనిపిస్తోంది? ఈ ఒక్క మాటను బట్టి దారి రెండుగా చీలుతుంది. అక్కడ స్పీకర్స్ అనో, అనలాగ్ అనో, హెచ్‌డీఎంఐ అనో ఏదో ఒక నిజమైన పేరు ఉంటే, కంప్యూటర్‌కు సౌండ్ కార్డ్ కనిపించిందన్నమాట. కనిపించినా పలకడం లేదు. అలా కాకుండా డమ్మీ అవుట్‌పుట్ అని మాత్రమే ఉంటే, సౌండ్ సర్వర్‌కు పంపడానికి ఏ పరికరమూ దొరకలేదు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. డమ్మీ అవుట్‌పుట్ ఉన్నవాళ్లు వాల్యూమ్ ఎంత పెంచినా ప్రయోజనం లేదు. స్పీకర్ పేరు కనిపిస్తున్నవాళ్లు ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు ఎన్ని వేసినా చాలాసార్లు మార్పు ఉండదు. సాయం అడగడానికి వచ్చినవాళ్లను నేను మొట్టమొదట అడిగేది ఇదే.

పేరు కనిపిస్తోంది, పలకడం లేదు. ఇందులో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, సౌండ్ హెచ్‌డీఎంఐకి వెళ్లిపోవడం. మానిటర్‌కు వెళ్లే హెచ్‌డీఎంఐ తీగలో సౌండ్ కూడా పోతుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కూడా తానొక సౌండ్ కార్డునని చెప్పుకుంటుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో, ఎన్‌విడియా కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లలో జాబితాలో రెండు కార్డులు కనిపించడం మామూలు. మానిటర్‌కు స్పీకర్లు లేకపోయినా సౌండ్ అటే పోతూ ఉంటుంది. అవుట్‌పుట్ జాబితాలో రెండోది ఎంచుకుంటే సమస్య అక్కడితో అయిపోతుంది. ఎంచుకున్నాక టెస్ట్ బటన్ నొక్కి ఎడమ, కుడి విడివిడిగా వినండి. పాటతో పరీక్ష చేయవద్దు. బ్రౌజర్‌లో ఆ ట్యాబ్ ఒక్కటే మ్యూట్‌లో ఉండొచ్చు, దాంతో మనం వేరే దారి పడతాం.

అప్పటికీ రాలేదా? పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకోండి. మెనూలో పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అని కనిపిస్తుంది. పేరులో పల్స్ ఉన్నా పైప్‌వైర్‌తో కూడా పనిచేస్తుంది. ఒక పాట నడుస్తుండగా అందులో అవుట్‌పుట్ డివైసెస్ అన్న పేజీ చూడండి. ప్రతి పరికరం కింద ఒక గీత ఉంటుంది. పాటతోపాటు ఆ గీత ఊగుతోందంటే, సౌండ్ ప్లేయర్ దాటింది, సర్వర్ దాటింది, కింద ఆల్సాలోనో చిప్‌లోనో ఆగింది. గీత కదలకపోతే పైనే ఆగింది. ఆ గీత చూడడానికి క్షణం పట్టదు, వెతకాల్సిన చోటు మాత్రం సగానికి తగ్గిపోతుంది. ఇంత మంచి సాధనం ఉండగా దీన్ని వాడనివాళ్లే ఎక్కువ. అదే ప్రోగ్రాంలో కాన్ఫిగరేషన్ పేజీ కూడా ఒకసారి చూడండి. కార్డు ప్రొఫైల్ ఆఫ్ అని ఉండొచ్చు. అలా ఉంటే అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్ ఎంచుకోండి.

గీత ఊగుతోంది, స్పీకర్ మూగగా ఉంది అనుకుందాం. టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరిచి ఆల్సామిక్సర్ అని టైప్ చేయండి. తెరవగానే ఒకే ఒక్క మాస్టర్ స్తంభం కనిపిస్తే కంగారుపడకండి, అది పైనున్న సర్వర్‌ది. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోండి. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం అని వరుసగా స్తంభాలు వస్తాయి. ఒక్కోదాని అడుగున రెండు సున్నాలుంటే అది తెరిచి ఉంది. రెండు ఎమ్‌లు ఉంటే మ్యూట్‌లో ఉంది. బాణం గుర్తులతో దాని మీదికి వెళ్లి ఎమ్ నొక్కితే తెరుచుకుంటుంది. పై సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నూరు శాతం ఉన్నా కింద స్పీకర్ స్తంభం మూసి ఉండడం సాధ్యమే. ఇదే తెరలో కుడివైపుకు వెళితే ఆటో మ్యూట్ మోడ్ అని ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్‌ను ఆపేది అదే. జాక్‌లో దుమ్ము చేరినా, లోపలి స్ప్రింగు వదులైనా, హెడ్‌ఫోన్ లేకపోయినా ఉందని యంత్రం అనుకుంటుంది. ఆటో మ్యూట్ తీసేసి చూడండి. పలికిందంటే లోపం జాక్‌లో ఉంది, సాఫ్ట్‌వేర్‌లో కాదు.

విండోస్ కూడా పక్కన ఉంచుకుని రెండూ వాడేవాళ్లకు ఒక మాట. కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ నుంచి నేరుగా రీస్టార్ట్ చేసి లినక్స్‌లోకి వస్తే సౌండ్ ఉండదు. విండోస్ డ్రైవర్ చిప్‌ను ఒక స్థితిలో వదిలేసి వెళుతుంది, లినక్స్ డ్రైవర్‌కు ఆ స్థితి అర్థం కాదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, కాసేపాగి ఆన్ చేస్తే వస్తుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగు తీసేయండి. అది ఉన్నంతకాలం విండోస్ షట్‌డౌన్ అన్నా పూర్తి షట్‌డౌన్ కాదు.

ఇక హెడ్‌ఫోన్‌లో వస్తోంది, స్పీకర్‌లో మాత్రం రాదు అనేది ఇంకో రకం. ఇది ఎక్కువగా నేను ఇందాక చెప్పిన కాళ్ల పట్టిక విషయం. కొత్త ల్యాప్‌టాప్‌లలో స్పీకర్‌కు ముందు విడిగా ఒక ఆంప్లిఫయర్ చిప్ ఉంటుంది. సిరస్ లాజిక్ లాంటి కంపెనీలవి. ఆ చిప్‌కు తన సొంత డ్రైవర్, సొంత ఫర్మ్‌వేర్ కావాలి. అవి అందకపోతే హెడ్‌ఫోన్ దారి బాగున్నా స్పీకర్ నోరు విప్పదు. దీనికి మిక్సర్‌లో మందు లేదు. కొత్త కెర్నల్, కొత్త ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాలి.

అక్కడి నుంచి రెండో దారికి వద్దాం, డమ్మీ అవుట్‌పుట్. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే. కెర్నల్‌కు కూడా కార్డు కనిపించలేదా, లేక కెర్నల్‌కు కనిపించినా సర్వర్‌కు చేరలేదా? టెర్మినల్‌లో ఏప్లే, అదే ఏ, పీ, ఎల్, ఏ, వై, అని రాసి, ఖాళీ వదిలి, హైఫన్, చిన్న ఎల్ కొట్టండి. కార్డుల జాబితా వస్తే కెర్నల్ వరకు అంతా బాగుంది, లోపం సర్వర్‌లో. సౌండ్ కార్డులేవీ దొరకలేదు అని ఇంగ్లీషులో ఒక వాక్యం వస్తే లోపం కింద ఉంది.

సర్వర్ లోపమైతే పైప్‌వైర్‌ను, వైర్‌ప్లంబర్‌ను రీస్టార్ట్ చేయండి. కమాండ్ గుర్తులేకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయినా చాలు. అంతకన్నా మంచి పరీక్ష ఒకటుంది. కంప్యూటర్‌లో ఇంకో యూజర్ ఖాతా తెరిచి అందులోకి వెళ్లి వినండి. అక్కడ సౌండ్ వస్తే హార్డ్‌వేర్, కెర్నల్, ఫర్మ్‌వేర్ అన్నీ నిర్దోషులు. లోపం మీ సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌లో దాచి ఉన్న పాత సెట్టింగులది. కొత్త సిస్టం వేసేటప్పుడు ఫైళ్లు పోకూడదని హోమ్ విభాగాన్ని అలాగే ఉంచుకున్నవాళ్లకు ఇది తరచు జరుగుతుంది. పాత పల్స్‌ఆడియో సెట్టింగులు కొత్త సిస్టంలోకి నడిచి వచ్చేస్తాయి. హోమ్‌లో కనిపించకుండా ఉండే ఫోల్డర్లలో పల్స్, వైర్‌ప్లంబర్ పేర్లతో ఉన్నవాటి పేరు మార్చి, లాగౌట్ అయి రండి. చెరిపేయకండి. పేరు మారిస్తే చాలు, అవసరమైతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

కెర్నల్‌కే కనిపించకపోతే, 2019 తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే, నా మొదటి అనుమానం సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ మీద. క్లుప్తంగా సాఫ్ అంటారు. ఇంటెల్ 2018లో ప్రకటించింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోఫోన్లు డిజిటల్ రకం. అవి పాత హెచ్‌డీ ఆడియో దారిలో కాకుండా ప్రాసెసర్‌లో ఉన్న చిన్న సౌండ్ ప్రాసెసర్ గుండా వస్తాయి. ఆ చిన్న ప్రాసెసర్ తనంతట తాను ఏమీ చేయలేదు. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ దానికి ఒక ఫైలు ఎక్కించాలి, ఆ ఫైలుకు ఇంటెల్ డిజిటల్ సంతకం ఉండాలి. ఫైలు లేకపోతే మైకే కాదు, స్పీకర్ కూడా పోతుంది. కెర్నల్ లాగ్ చూడండి. టెర్మినల్‌లో సుడో డీమెసేజ్ కమాండ్, అదే డీ, ఎమ్, ఈ, ఎస్, జీ, కొడితే వస్తుంది. అందులో సాఫ్ అన్న మాట దగ్గర ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని, పక్కన ఎర్రర్ మైనస్ 2 అని కనిపిస్తే, ఆ 2కు అర్థం ఫైలు లేదని. ఊహించక్కర్లేదు, యంత్రమే చెబుతోంది.

డెబియన్‌లో ఆ ప్యాకేజీ పేరు ఫర్మ్‌వేర్ సాఫ్ సైన్డ్. ఫెడోరాలో ఆల్సా సాఫ్ ఫర్మ్‌వేర్. డెబియన్ విషయంలో చిన్న చరిత్ర ఉంది. స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చకూడదని వాళ్లు చాలాకాలం పట్టుదలగా ఉన్నారు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ నిర్ణయం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. వాళ్ల పాత సూత్రం మీద నాకు గౌరవం ఉంది. అయినా కొత్తగా వచ్చినవాళ్లు మొదటిరోజే మూగ కంప్యూటర్ చూసి వెనక్కి పోకుండా ఆ ఓటు ఆపింది, అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

ఫర్మ్‌వేర్ ఉన్నా రాకపోతే ల్యాప్‌టాప్ కన్నా కెర్నల్ పాతదై ఉండొచ్చు. గత నెల కొన్న యంత్రం మీద రెండేళ్ల కిందటి కెర్నల్ ఉన్న సిస్టం వేస్తే ఆ చిప్ పేరే దానికి తెలియదు. లినక్స్ మింట్‌లో అప్‌డేట్ మేనేజర్‌లోనే కొత్త కెర్నల్ ఎంచుకునే చోటుంది. ఉబుంటులో కొత్త హార్డ్‌వేర్ కోసం హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ అని ఇస్తారు. ఇంకో మాట, దీనికి తిరగబడిన సందర్భమూ ఉంది. నిన్నటి దాకా పలికి, అప్‌డేట్ తర్వాత ఆగిందనుకోండి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో ఎక్కండి. అక్కడ పలికితే తప్పు కొత్త కెర్నల్‌ది, మీది కాదు. ఆ సంగతి రాసిపెట్టుకోండి, రిపోర్టు చేయడానికి అంతకన్నా విలువైన వివరం ఉండదు.

డీఎస్‌పీ అంటే ఇందాక చెప్పిన చిన్న సౌండ్ ప్రాసెసరే. డీఎస్‌పీ డ్రైవర్ విలువ 1 పెట్టు, సౌండ్ వచ్చేస్తుంది అనే సలహా మీకు చాలాచోట్ల కనిపిస్తుంది. కొన్ని యంత్రాల్లో నిజంగానే వస్తుంది, ఎందుకంటే అది సాఫ్‌ను పక్కనపెట్టి పాత హెచ్‌డీ ఆడియో దారిలో పంపుతుంది. ఆ దారిలో డిజిటల్ మైక్ ఉండదు. పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు ఉన్న ల్యాప్‌టాప్‌లో అది పెట్టి వెళ్లిపోతే, వాళ్లు వినగలరు గానీ మాట్లాడలేరు. తాత్కాలికంగా అయితే సరే.

ఇంటర్నెట్ సలహాల గురించి ఇక్కడే చెప్పాలి. ఏ సలహా అయినా చదివేముందు దాని తేదీ చూడండి. పల్స్‌ఆడియో 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04తో చాలామంది యంత్రాల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో అది సరిగ్గా కుదురుకోక, దాన్ని తీసేయండి అనే సలహాలు కుప్పలుగా వచ్చాయి. తర్వాత విమ్ టైమన్స్ అనే ఇంజనీరు చేసిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34లో, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10లో, 2024లో లినక్స్ మింట్ 22లో సౌండ్ బాధ్యత తీసుకుంది. అంటే 2012లో ఎవరో మంచి మనసుతో రాసిన కమాండు ఈరోజు మీ యంత్రంలో లేని వస్తువును బాగుచేయడానికి ప్రయత్నిస్తుంది. అందులో పర్జ్, అంటే పూర్తిగా తీసేయమనే మాట, ఉంటే మరీ జాగ్రత్త. సౌండ్ ప్యాకేజీని తీయమంటే, దాని మీద ఆధారపడిన డెస్క్‌టాప్ భాగాలు కూడా పోయే ప్రమాదం ఉంది. తీసేయబోయే జాబితాను యంత్రం ముందే చూపిస్తుంది. వై నొక్కేముందు ఆ జాబితా చదవండి. మీ సిస్టంలో ఏ సర్వర్ నడుస్తోందో తెలియాలంటే టెర్మినల్‌లో పాక్‌టీఎల్, అదే పీ, ఏ, సీ, టీ, ఎల్, తర్వాత ఖాళీ వదిలి ఇన్ఫో అని కొట్టండి. సర్వర్ నేమ్ అన్న వరుసలో ఆన్ పైప్‌వైర్ అని ఉంటే పైప్‌వైరే.

ఇంకా ఇన్‌స్టాల్ చేయనివాళ్లు ఈ సభలో ఉన్నారు కదా. మీకు పని చాలా తేలిక. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ నొక్కకుండా ట్రై అన్నది నొక్కండి. డిస్కులో ఏదీ మారదు. అందులో స్పీకర్, హెడ్‌ఫోన్, మైక్, బ్లూటూత్ అన్నీ ఒకసారి పరీక్షించండి. అక్కడ పలికితే ధైర్యంగా వేసుకోండి. పలకకపోతే వేరే సిస్టం పెన్‌డ్రైవ్‌తో చూడండి. మింట్‌లో రానిది అప్పటి తాజా ఫెడోరాలో రావచ్చు, కారణం కెర్నల్ వయసు. రెండు పెన్‌డ్రైవ్‌లతో ఒక సాయంత్రంలో తేలిపోయే విషయానికి డిస్కు మొత్తం చెరిపి తెలుసుకోవాల్సిన పని లేదు.

అన్నీ చూశాక కూడా రాకపోతే సాయం అడగండి, కానీ అడిగే పద్ధతి ఉంది. సౌండ్ రావడం లేదు, ప్లీజ్ హెల్ప్ అని రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ పేరు, సిస్టం పేరూ వెర్షనూ, కెర్నల్ వెర్షన్, ఏప్లే చూపించిన జాబితా, గీత ఊగిందా లేదా, హెడ్‌ఫోన్‌లో వస్తోందా. ఇవి రాయండి. ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్టు ఉంది, అది మీ కోడెక్ వివరాలన్నీ ఒక ఫైలుగా ఇస్తుంది, దాన్ని జతచేయండి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పట్టిక ఉందే, మీ యంత్రం వరుస అందులో లేకపోతే, చేరడానికి కావాల్సిన సమాచారం ఆ ఫైలులోనే ఉంటుంది. ఒకసారి చేరిందంటే అదే మోడల్ కొన్న ఇంకొకరికి, నెల్లూరులో ఉన్నా నార్వేలో ఉన్నా, మొదటిరోజే సౌండ్ వస్తుంది. వాళ్లకు ఈ ఇబ్బంది ఉండేదన్న సంగతే తెలియదు. మీకు వీలైతే ఆ రిపోర్టు తప్పకుండా రాయండి అని బతిమాలి చెబుతున్నాను.

ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: సార్, బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట బాగా వస్తుంది, మీటింగ్‌లోకి వెళ్లగానే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోతుంది. ఇది కూడా డ్రైవరేనా?)

కాదమ్మా, ఇది బ్లూటూత్ పద్ధతే. పాట వినడానికి ఏ2డీపీ అనే ప్రొఫైల్ ఉంది. నాణ్యత బాగుంటుంది, కానీ సౌండ్ ఒకవైపే వెళుతుంది, మైక్ ఉండదు. మీటింగ్ యాప్ మైక్ అడగగానే హెడ్‌సెట్ రెండో ప్రొఫైల్‌కు మారుతుంది. అందులో రెండువైపులా మాట వెళ్లాలి కాబట్టి నాణ్యత పడిపోతుంది. మీరు మీటింగ్ సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్ ఎంచుకోండి, హెడ్‌సెట్‌ను వినడానికి మాత్రమే ఉంచండి. నాణ్యత తగ్గదు.

(ఇంకొకరు: పాట మొదలైన ప్రతిసారీ స్పీకర్‌లో టప్ అని చప్పుడు వస్తోందండి.)

కరెంటు ఆదా కోసం కాసేపు సౌండ్ లేకపోతే చిప్ నిద్రపోతుంది, లేచేటప్పుడు ఆ చప్పుడు. హెచ్‌డీ ఆడియో డ్రైవర్‌కు పవర్ సేవ్ అనే విలువ ఉంటుంది, దాన్ని సున్నా చేస్తే ఆగుతుంది. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది.

(మరొకరు: మా దగ్గర చూపులేని విద్యార్థులున్నారండి. తెర చూడలేనివాళ్లు మీరు చెప్పిన సెట్టింగ్స్ పేజీ ఎలా తెరవాలి?)

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. మిగతావాళ్లకు సౌండ్ పోతే పాట పోతుంది. వాళ్లకు సౌండ్ పోతే కంప్యూటర్ మొత్తం పోయినట్టే, ఎందుకంటే వాళ్ల తెర అదే. అందువల్ల వాళ్ల యంత్రాలకు పెన్‌డ్రైవ్ పరీక్ష లేకుండా ఇన్‌స్టాల్ మొదలుపెట్టకూడదు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో ఎక్కాక ఆల్ట్, సూపర్, ఎస్ మూడు కీలు కలిపి నొక్కితే ఆర్కా అనే స్క్రీన్ రీడర్ మాట్లాడుతుంది. సూపర్ అంటే విండోస్ గుర్తున్న కీ. మాట్లాడకపోతే ఆ యంత్రంలో సౌండ్ సంగతి ముందు తేల్చాలి. ఒక యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కూడా దగ్గర ఉంచుకోండి. అలాంటివి చాలావరకు ఏ డ్రైవరూ విడిగా వేయకుండానే పనిచేస్తాయి. లోపలి కార్డు మొరాయించినా విద్యార్థి పని ఆగదు, తర్వాత నింపాదిగా బాగుచేసుకోవచ్చు. స్క్రీన్ రీడర్ వాడే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు ఉంది. యాంత్రికంగా ఉంటుంది, కానీ తెలుగు చదువుతుంది.

ఇక డెబియన్ ఇన్‌స్టాలర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి మెనూ వచ్చినప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలేషన్ మొత్తం మాటలతో నడుస్తుంది. యంత్రంలో రెండు మూడు సౌండ్ కార్డులుంటే ఏది స్పీకర్‌దో ఇన్‌స్టాలర్‌కు తెలియదు. అప్పుడు ఒక్కో కార్డులో మాట్లాడి చూస్తుంది. ఏ కార్డులో మాట వినిపించిందో అప్పుడు విద్యార్థి ఎంటర్ నొక్కాలి. అక్కడి నుంచి ఆ కార్డులోనే చదువుతుంది.